పిడుదు విషయములో గృహస్థుని ధర్మము

పెంపుడు కుక్క చెవి మడతలో పిడుదు పట్టినది. దానిని ఏమి చేయవలెను? ప్రశ్న చూచుటకు చిన్నది. పప్పుగింజంత జీవిని గూర్చి పెద్దలు కూర్చుండి వాదించుట ఎందుకని నవ్వువారును కలరు. కాని అహింసను ఇంటి ఆచారముగా నుంచుకొన్న కుటుంబములలో ఈ చిన్న ప్రశ్న దగ్గరనే మాట తడబడుచున్నది. ఏనుగును చంపరాదనుట సులభము, ఏనుగు ఎవరి యింటికిని రాదు. పిడుదు మాత్రము వచ్చును.

సామాన్యముగా ఇండ్లలో జరుగుచున్నది మూడు విధములు. ఒకరు దానిని పెరికి చెప్పుతో నలిపివేయుదురు, చేసిన పనిని గూర్చి మరల తలచరు. ఒకరు పెరికి, చంపుటకు మనసొప్పక, గోడ అవతల వీధిలోనికి విసరుదురు, పాపమంటలేదని తృప్తి పడుదురు. మరియొకరు చూచియు చూడనట్లుండి, "దాని కర్మ, దీని కర్మ" అని లోనికి పోవుదురు. మొదటివాని పని మోటు పని. అయినను రెండవవాని తృప్తియు, మూడవవాని వేదాంతమును అంతకంటె మేలైనవా యని విచారింపవలసి యున్నది.

ముందుగా ఆ జీవి సంగతి తెలియవలెను. పిడుదును కొందరు గోమారి యందురు. దానికి ఎనిమిది కాళ్లు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మాత్రము ఆరే. కనుక ఇది పేనుకు, నల్లికి చుట్టము కాదు, సాలెపురుగు వంశమునకు దగ్గరిది. ఇంటి కుక్కలకు పట్టు గోధుమరంగు పిడుదు జీవితములో మూడుమారులు రక్తము త్రాగును: పిల్లగా ఒకమారు, నడిమి వయసులో ఒకమారు, పెద్దదైన పిదప ఒకమారు. త్రాగిన ప్రతిమారును క్రిందికి రాలి, గోడ పగుళ్లలోను, బండల సందులలోను, గుమ్మము క్రిందను దాగి, అక్కడ చర్మము విడిచి, మరల ఎక్కును. కావున కుక్క యొంటిమీద కనబడునవి కొన్నియే, మిగిలినవన్నియు ఇంటిలోనే యున్నవి. కడుపు నిండిన ఆడ పిడుదు గోడ సందులో రెండు మూడు వేల గ్రుడ్లు, ఒక్కొక్కప్పుడు అంతకును మించి, పెట్టి చచ్చును. ఆహారము లేకయే నెలల తరబడి కాచుకొని యుండగల ఓపిక దానికి కలదు.

శాస్త్రములు చీమ, పేను, నల్లి మొదలగు వానిని మూడు ఇంద్రియములు గల జీవులనినవి. స్పర్శ, రుచి, వాసన వానికి తెలియును. పిడుదును కూడ ఆ వరుసలోనే చేర్చుట వాడుక. నేటి జంతుశాస్త్రజ్ఞులు చెప్పునదియు దీనికి చాల దగ్గరగా నున్నది. మలెనాడు అడవులలోని పిడుదుకు కండ్లే లేవు. ముందుకాళ్లలోనున్న ఒక చిన్న గుంట వంటి అవయవముతో ఊపిరి వాసనను, ఒంటి వేడిని పసికట్టి, గడ్డికొనమీద కాళ్లు చాచి, పోవుచున్న ప్రాణిని పట్టుకొనును. (ఇంటి కుక్క పిడుదుకు మాత్రము కండ్లవంటి రెండు చుక్కలు కలవు. శాస్త్రమును అక్షరము అక్షరముగా పట్టి వాదించువారికి అదొక చిక్కు.) ఏమైనను అది జీవియే. బాధ ఎఱిగినదియే. ఈ మాట మరచిన తరువాత చేయు వాదమునకు అర్థము లేదు.

ఇక రెండవ పక్షము. పిడుదు కాటు ఒట్టి దురదతో పోవునది కాదు. కుక్కకు దానివలన జ్వరము వచ్చును. ఆకలి చెడును, చిగుళ్లు తెల్లబడును, ముక్కునుండి రక్తము కారును, కొన్ని కుక్కలు చచ్చును. ఎర్లీకియా, బబీసియా అను సూక్ష్మక్రిములు ఇందుకు కారణమని పశువైద్యులు చెప్పుదురు. మనుష్యులకును పిడుదు కాటు వలన మచ్చల జ్వరము రావచ్చును. మన దేశపు వైద్యులు దానికి ఇండియన్ టిక్ టైఫస్ అని పేరు పెట్టినారు. వేళకు గుర్తించిన యెడల డాక్సీసైక్లిన్ అను సామాన్యమైన మందుతోనే తగ్గును. గుర్తింపక ఆలస్యము చేసిన యెడల ప్రాణము మీదికి వచ్చును.

కన్నడ దేశములో స్థిరపడిన తెలుగువారికి ఇంతకంటె దగ్గరి కథ యొకటి కలదు. 1957వ సంవత్సరము వేసవికి ముందు, అప్పటి మైసూరు రాష్ట్రమున శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడుట మొదలైనది. కొండముచ్చులు, ఎఱ్ఱమూతి కోతులు రెండును చచ్చినవి. వెంటనే అడవి యంచు గ్రామముల ప్రజలకు తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒళ్లు విరిచినట్లు కండరముల నొప్పి, కొందరికి రక్తస్రావము. మొదట ఇది విదేశపు పచ్చజ్వరమేమో యని భయపడిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రము వారు వచ్చి, చచ్చిన కోతులనుండియు, పిడుదులనుండియు ఒక కొత్త వైరస్‌ను పట్టుకొనిరి. ఆ అడవి పేరే రోగమునకు పేరైనది. కన్నడిగులు "మంగన కాయిలె" యందురు, అనగా కోతి జబ్బు. పాపము, కోతి దానికి బలి యగునదియే గాని మూలము కాదు. రోగము పడిన వందమందిలో ముగ్గురు నుండి ఐదుగురు వరకు చనిపోవుదురని లెక్క. 2013లో నీలగిరి, వయనాడు ప్రాంతములలోను, తరువాత గోవాలోను, 2016లో మహారాష్ట్ర సింధుదుర్గ జిల్లాలో జీడిమామిడి తోటల కూలీలలోను ఇది కనబడినది. 2019లో సాగర తాలూకా అరళగోడు గ్రామములలో అనేకులు చనిపోయిరి.

ఇందులో విచారమునకు పనికివచ్చు విషయము ఒకటి కలదు. కోతి చచ్చి శరీరము చల్లబడగానే దానిపైనున్న పిడుదులు దిగి, ఆ చోటనే చుట్టును గడ్డిలో కాచుకొని యుండును. అందుచేత కోతి పడిన చోటు చుట్టును 50 అడుగుల మేర పురుగుమందు చల్లుట ఆరోగ్య శాఖ వారి పద్ధతి. అక్కడ ఎన్ని వేల జీవులు నశించునో ఎవరును లెక్క పెట్టలేరు. పిడుదులేగాక, ఏ పాపము ఎఱుగని చీమలు, పురుగులు కూడ. చల్లకున్న యెడల మరునాడు ఆ దారిని కట్టెలకు పోవు స్త్రీ ప్రాణమునకు ముప్పు. ఇట్టి చోట "నేను చంపను" అని చేతులు ముడుచుకొన్నవాని చేతులు పరిశుద్ధములే యని చెప్పుట కష్టము.

ఇక్కడ కొందరు సాధువుల ఉదాహరణము తెత్తురు. మహావీర స్వామి తపస్సు చేయుచుండగా పురుగులు, దోమలు కుట్టినను తొలగింపక సహించినారని గ్రంథములలో కలదు. సాధువులు ఓర్వవలసిన 22 పరీషహములలో దంశమశక పరీషహము, అనగా దోమలు ఈగలు మొదలగువాని కాటును ఓర్చుట, ఒకటి. నిజమే. కాని ఓర్చుకొన్నది ఎవరు? తన శరీరమును తాను ఇచ్చినవాడు. పరీషహము పరులకు అప్పగించు వస్తువు కాదు. తండ్రి తన పిల్లవాని కాలును పిడుదుకు చూపి "ఓర్చుకొమ్ము" అనుటకు హక్కు ఎక్కడిది? నోరులేని కుక్క పేర యజమాని తపస్సు చేయుట ఎట్లు? సూరతులో పూర్వము జంతువుల ఆసుపత్రి యొకటి యుండెడిదనియు, నల్లులకు, దోమలకు ఆహారముగా ఒక పేదవానిని కూలికి రాత్రియంతయు పండుకొనబెట్టెడివారనియు పాతకాలపు విదేశ యాత్రికుల వ్రాతలలో కలదు. దయ ఎవరిది, రక్తము ఎవరిది అని అడిగినచో ఆ కథలోని లోపము తెలియును. దయ చూపిన శెట్టిగారు మెత్తని పరుపుమీద పండుకొనిరి, కాట్లన్నియు కూలివాని వంతు.

గుజరాతు పాంజ్రాపోళ్లు కొన్నింటిలో "జీవాత్ ఖానా" యను గది యుండెడిది. ధాన్యములోని పురుగులను ఊడ్చి తెచ్చి, కొంత ధాన్యముతో గూడ అందులో విడిచెడివారు. అది వర్తకుల దయకు తగిన ఏర్పాటు; ఎందుకనగా ధాన్యపు పురుగుకు పెట్టుటకు వర్తకుని యొద్ద ధాన్యమున్నది. పిడుదుకు అట్టి గది కట్టుట సాధ్యము కాదు. దానికి కావలసినది బ్రతికియున్న ప్రాణి రక్తమే. దానిని పోషింపవలెనన్న మరియొక జీవిని దానికి కట్టివేయవలెను. ఇచ్చుటకు మన కొట్టులో లేని సరకు అది.

గృహస్థునికి చెప్పిన అహింస సాధువునకు చెప్పినదానివంటిది కాదు. హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ యని నాలుగు విధములుగా పెద్దలు విభజించిరి. కావలెనని చేయు హింస మొదటిది. వంట, ఇల్లు ఊడ్చుట మొదలగు ఇంటిపనులలో జరుగునది రెండవది. వృత్తిలో జరుగునది మూడవది. మీదపడినవానిని ఎదుర్కొనుటలో జరుగునది నాలుగవది. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగా విడువవలెను. తక్కిన మూడింటిని సాధ్యమైనంత తగ్గింపవలెను. పిడుదును చంపుట వీనిలో ఏ పద్దున వ్రాయవలెను? ఇక్కడనే పెద్దలలో అభిప్రాయభేదము. ఒకరు, పిడుదుకు పగ లేదు, అది ఆకలిచే కరచుచున్నది, దానిని శత్రువనుట సాకు మాత్రమే యందురు. మరియొకరు, ప్రాణము తీయు రోగమును మోసుకొని వచ్చినది ఎఱిగి వచ్చినను, ఎఱుగక వచ్చినను, అడ్డుకొనుట రక్షణయే యందురు. ఈ రెండవ మాటయే న్యాయముగా తోచుచున్నది. కాని ఒక షరతుతో. విరోధీ హింస యను పేరు వాడుకొనుటకు ముందు, చంపకయే అడ్డుకొను ఉపాయములన్నియు చేసి చూచి యుండవలెను. గోడ పగులు పూడ్చనివాడు, కుక్కను నెలకొకమారైనను తడిమి చూడనివాడు, ఇల్లంతయు పిడుదులైన తరువాత మందు చల్లించి "ఆత్మరక్షణ" అనినచో అది విరోధీ కాదు. హింసకు మూలముగా శాస్త్రములు చెప్పిన ప్రమాదము, అనగా అజాగ్రత్త, తప్ప మరేమియు కాదు.

లెక్క చూడుడు. ఒక ఆడ పిడుదును అది గ్రుడ్లు పెట్టకముందే తీసివేసిన యెడల పోయినది ఒక జీవి. దానిని దయతో విడిచిన యెడల రెండు నెలలలో గోడలనిండ వేలకొలది పిల్లలు. అప్పుడు మందువాడు వచ్చి చల్లును. ఆ వేలును చచ్చును, వానితో బాటు బల్లులకు, చీమలకు, తేనెటీగలకు కీడు. ఒక జీవిని విడిచిన పుణ్యము జమ వైపు వ్రాసుకొని, ఖర్చు వైపు పుట తెరువక మూసివేయుట వర్తకమున ఎవరును ఒప్పుకొనరు.

వీధిలోనికి విసరు పద్ధతియు ఇట్టిదే. అది అక్కడ ఆకలితో కాచుకొని, వీధికుక్కకో, పాలు తెచ్చు పిల్లవానికో పట్టును. తన పేర నున్న అప్పును పొరుగువాని ఖాతాకు మార్చినంత మాత్రమున అప్పు తీరదు. "నేను చంపలేను, పశువైద్యుని పనివానిచేత తీయించెదను" అనుటలోను ఆ తప్పు కొంత కలదు. చేయుట, చేయించుట, చేయువానిని మెచ్చుట మూడును ఒకే త్రాటికి కట్టబడినవని శాస్త్రము. వైద్యుని యొద్దకు పోవుట మంచిదే. పాపమును అతనికి ఇచ్చి వచ్చితిమనుకొనుటయే పొరబాటు.

మరి కుక్క విషయమున యజమాని బాధ్యత సామాన్యమైనది కాదు. అహింసాణువ్రతమునకు కలుగు అతిచారములలో మొదట చెప్పినది బంధము, ప్రాణిని కట్టివేయుట. కొట్టుట, అవయవములు కోయుట, మితిమీరిన బరువు వేయుట, అన్నపానములు ఆపుట తరువాతివి. పొట్టి గొలుసుతో పగుళ్లున్న గోడ ప్రక్క కుక్కను కట్టిన యెడల అది ఒళ్లు దులుపుకొని మరియొక చోటికి పోలేదు. దాని పండ్లకు అందని చోట్లనే, అనగా చెవిలోపలను, మెడపట్టీ క్రిందను, వ్రేళ్లసందులలోను, తోక మొదటను పిడుదు స్థిరపడును. తప్పించుకొను దారిని మూసినవాడే కాపాడవలసినవాడు. కాపలాకొరకు పెంచి, దానిని కాచువాడు లేకుండ చేయుట న్యాయము కాదు. కుక్కల ప్రాణములకొరకు జనులు వీధికెక్కిన కాలమును కలదు: 1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపించుటకు సర్కారు పూనుకొనగా పార్శీలు ముందు నిలిచి అల్లరి చేసిరి, రెండేండ్లకు, 1834లో, బొంబాయి పాంజ్రాపోల్ వెలసినది. అంత పెద్ద పని ఎవరును చేయనక్కరలేదు. సాయంకాలము పది నిమిషములు కుక్కను ఒడిలో పెట్టుకొని వెండ్రుకలు విప్పి చూచిన చాలును.

సాధువులకు ప్రతిలేఖన మను నియమము కలదు. ఉదయము, సాయంకాలము తమ బట్టలను, పాత్రలను విప్పి చూచి, వానిలో చిన్న జీవి యున్న యెడల నొప్పి కలుగకుండ తొలగింతురు. కుక్కను తడిమి చూచుట గృహస్థునికి తగిన ప్రతిలేఖనము అనవచ్చును. పట్టీ విప్పి చూడవలెను. పిడుదు కనబడినచో సన్నని మొనల పట్టుకారుతో, చర్మమునకు ఆనించి, దాని తల దగ్గర పట్టుకొని, మెలిపెట్టక తిన్నగా పైకి లాగవలెను. బీడీతో కాల్చుట, కిరసనాయిలు పోయుట, నూనె పూయుట పల్లెలలో చేయుచున్నారు. ఇవి రెండు విధముల చెడ్డవి. జీవికి చిత్రహింస, అంతేగాక అది బాధతో కడుపులోనిది గాయములోనికి వెళ్లగ్రక్కి రోగమును ఎక్కించును. గోళ్లతో నలుపుటయు అపాయమే. తీసినదానిని మూతగల చిన్న సీసాలో సబ్బునీటిలోనో, స్పిరిటులోనో వేయవలెను. ఇది చంపుటయే, వేరు పేరు పెట్టుటవలన ప్రయోజనము లేదు. మనుష్యులకు కరచినచో ఆ చోటు సబ్బుతో కడిగి, తేదీ వ్రాసి యుంచుకొని, రెండు వారములలోపల జ్వరము గాని మచ్చలు గాని వచ్చిన యెడల వైద్యునికి ఆ తేదీతో సహా చెప్పవలెను. చాలమంది జ్వరము చెప్పుదురు, కాటు సంగతి చెప్పరు.

కుక్కకు వెన్నుపై పోయు చుక్కలు, మింగించు బిళ్లలు, మెడపట్టీలు అంగళ్లలో కలవు. కొన్ని పిడుదును దరిచేరనీయవు, కొన్ని కరచిన తరువాత చంపును. దరిచేరనీయనిది దొరకినపుడు దానినే ముందు వాడుట మేలని వేరుగా చెప్పనక్కరలేదు. కుక్క బరువును బట్టి పశువైద్యుడు చెప్పినంతయే వాడవలెను. పెర్మెత్రిన్ కలిసిన కుక్కమందు పిల్లికి విషము. ఒకే యింట రెండును పెంచువారు ఈ సంగతి మరువరాదు. అన్నింటికంటె చవుకయైన మందు సున్నము, సిమెంటు. గోడ పగుళ్లు, బండసందులు పూడ్చి, పెరటి గడ్డి పొట్టిగా కోసి, కుక్క పడుకొను గుడ్డను వారమునకొకసారి వేడినీట ఉతికి ఎండవేసినచో ఎన్నో జీవులు పుట్టి చచ్చు అవసరమే తప్పును.

అడవి సంగతి వేరు. శివమొగ్గ జిల్లా హోసనగర తాలూకాలోని హొంబుజ పద్మావతీ క్షేత్రమునకు తెలుగు జైనులు యాత్రకు పోవుట కలదు. ఆ తాలూకాలును, చుట్టుప్రక్కల అడవులును ఈ రోగపు సీమలోనివే. రోగము ప్రబలునది డిసెంబరు మొదలు మే వరకు, అనగా యాత్రల కాలమే. క్షేత్రదర్శనమునకు భయపడనక్కరలేదు; దారి విడిచి ఎండుటాకులలో నడచుట, అడవిలో నేలమీద కూర్చుండి ఫలాహారము చేయుట మానవలెను. కాళ్లు చేతులు కప్పు బట్టలు కట్టి, పంట్లాము అంచును మేజోళ్లలో దూర్చి, డీఎంపీ నూనె గాని, ఇటీవల ప్రభుత్వము పంచుచున్న డీఈపీఏ నూనె గాని పూసికొనవలెను. ఈ నూనెలు పిడుదును చంపవు, దూరముగా నుంచును. ధర్మమునకు, దేహమునకు రెండింటికి సరిపోయిన వస్తువు ఇంత సులభముగా దొరకుట అరుదు. బసకు వచ్చిన పిదప వేడినీట స్నానము చేసి ఒళ్లంతయు చూచుకొనవలెను. వెంట వచ్చిన కుక్కను అడవిలో విడువరాదు. చచ్చిన కోతి కనబడినచో దగ్గరకు పోక గ్రామ ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. పూర్వము వేసెడి టీకా శక్తి చాలదని 2022లో ఆపివేయబడినది; కొత్త టీకా కొరకు హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి ప్రయత్నించుచున్నది. అంతవరకు నూనెయే ఆధారము.

యాత్రికుడు రెండు దినములు ఉండి వెడలిపోవును. దినదినము అడవికి పోవునది కూలి. మలెనాడు వక్క తోటలకు ఎరువుగా పరచు ఆకు అడవినుండి వచ్చును. ఆ ఆకును గీచి, మోపు కట్టి, తలపై మోసి తెచ్చు స్త్రీ మెడమీదనే పిడుదు మొదట ఎక్కును. ఆ వక్కను కొని, బస్తాలు కట్టి, దూరదేశములకు పంపు వర్తకులలో అహింసావ్రతము పాటించువారు తక్కువ కారు. రాత్రి భోజనము మానిన వర్తకుడు, కందమూలములు ముట్టని వర్తకుడు, ఆ స్త్రీకి నూనె దొరికినదా, కాళ్లకు మేజోళ్లున్నవా యని తోటవానిని అడుగుట తక్కువ. ఉద్యోగీ హింసను తగ్గింపవలెనను మాట దుకాణము గుమ్మము దగ్గర ఆగిపోవలెనని ఏ గ్రంథమునను లేదు. నూనె సీసా ఖరీదు ఒక బస్తా వక్కమీద వచ్చు లాభములో లెక్కకు కూడ రాదు.

ఈ పని ఆరంభింపదలచిన వారికి మార్గశిరము నాటికే ఏర్పాటు కావలెను. కోతులు చచ్చుట మొదలైన పిదప నూనె తాలూకా కేంద్రములలో వరుసలు కట్టి తీసికొనవలసి వచ్చును.